గుండె శూల : దానికి గల చికిత్సలు
(నేత కుటుంబములకు ఆరోగ్య పాఠము)

గుంట మగ్గములో కూర్చుండి నేయువానికి భుజము నొప్పి, నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి కొత్తవి కావు. అందుచేతనే ఎదలో బరువుగా ఉన్నప్పుడు కూడ "పలక లాగి లాగి కండరము పట్టుకొన్నది" అనియో, "గ్యాసు ఎక్కినది" అనియో అనుకొని, ఒక సోడా త్రాగి మరల నాడె పట్టుకొనుట మనవారి అలవాటు. ఇది ఒక వైపు. మరొక వైపు, పట్టణములో డాక్టరు "రక్తనాళములో అడ్డము ఉన్నది" అని ఒక్క మాట అనగానే ఇంటిల్లిపాది బెదరిపోయి, షావుకారు దగ్గర బయానా తెచ్చి, మగ్గము కుదువ బెట్టి, మరునాటికే స్టెంటు వేయించుటకు పరుగెత్తు కుటుంబములును ఉన్నవి. మొదటి దానిలో ప్రాణము పోవచ్చును. రెండవ దానిలో బ్రతుకుతెరువు పోవచ్చును. ఈ రెంటి నడుమ దారి ఏది అన్నది బాళగనూరు, సింధనూరు, మస్కి ప్రాంతములలోని మన కుటుంబములకు తెలియవలెనని ఈ పాఠము వ్రాయుచున్నాము. ఇది డాక్టరుకు బదులు కాదు. డాక్టరు వద్ద ఏమి చెప్పవలెనో, ఏమి అడుగవలెనో తెలిసికొనుటకు మాత్రమే.

నొప్పి ఎట్లుండును?

గుండె ఒక కండరము. అది ఒళ్లంతటికి రక్తము పంపుచున్నను, తనకు కావలసిన రక్తము తన పైనున్న సన్నని నాళముల నుండియే తీసికొనవలెను. వయస్సుతో, పొగాకుతో, చక్కెర వ్యాధితో, రక్తపు పోటుతో ఈ నాళముల లోపలి గోడలలో క్రొవ్వు పేరుకొని దారి ఇరుకగును. కండెలో నూలు కొంచెము చిక్కుపడినప్పుడు మెల్లగా నేసినంతసేపు పేక సాగుచునే యుండును. వడిగా నాడె విసరితిమా, పుటుక్కున తెగును. గుండెయు అంతే. కూర్చున్నప్పుడు ఇరుకు నాళము గుండా వచ్చు రక్తము చాలును. వేగముగా నడిచినను, మెట్లెక్కినను, తడిసిన నూలు మోపు ఎత్తినను, కోపము వచ్చినను, కడుపునిండ తిని వెంటనే పనికి దిగినను గుండెకు ఎక్కువ రక్తము కావలసివచ్చును. అది అందక కండరము పెట్టు మొరయే ఈ నొప్పి. దీనినే డాక్టర్లు ఆంజైనా అందురు. 1768లో విలియం హెబర్డెన్ అను ఇంగ్లీషు వైద్యుడు లండనులో దీనిని మొదటిసారి స్పష్టముగా వర్ణించెను. నడుచుచుండగా వచ్చి, నిలువగానే పోవు నొప్పి అని అతడు చెప్పిన గుర్తు నేటికిని మారలేదు.

ఇది పోటువలె పొడవదు. ఎదురు రొమ్ము నడిమి ఎముక వెనుక రాయి పెట్టినట్లు, ఎవరో బిగించి కట్టినట్లు ఉండును. అక్కడి నుండి ఎడమ చేతికిగాని, మెడకుగాని, దవడకుగాని, వీపుకుగాని ప్రాకవచ్చును. "ఎక్కడ నొప్పి?" అని అడిగినప్పుడు ఒక్క వ్రేలితో చూపించువానికి చాలసార్లు అది కండరపు నొప్పి. పిడికిలి బిగించి రొమ్ముపై ఆనించి చూపువానిని గురించి జాగ్రత్తపడవలెను. నొక్కిన చోట నొప్పి హెచ్చినను, ఊపిరి పీల్చినప్పుడు గ్రుచ్చినట్లున్నను, చేయి ఒక తీరుగా త్రిప్పినప్పుడే వచ్చినను అది మగ్గము తెచ్చిన నొప్పి కావచ్చును. పని ఆపి కూర్చుండగానే అయిదు పది నిముషములలో తగ్గిపోయి, మరల పనికి దిగగానే వచ్చునది గుండె నొప్పి కావచ్చును. అయితే ఈ గుర్తులు తూకపురాళ్లు కావు. ముఖ్యముగా ఆడవారికి, చక్కెర వ్యాధి ఉన్నవారికి నొప్పి లేకుండగనే ఆయాసము, చెమట, కడుపులో వికారము, చెప్పలేని అలసట మాత్రమే రావచ్చును. ఇంట ఆసు పోసి, కండెలు చుట్టి, వంట చేసి, నీళ్లు మోయు తల్లి "ఈ మధ్య నాలుగడుగులు వేస్తే రొప్పు వస్తున్నది" అన్నప్పుడు వయసు మీద పడినదని త్రోసివేయరాదు.

ఇంకొక మాట. మన ఇండ్లలో మాట తెలుగు, ఆస్పత్రిలో మాట కన్నడము. నర్సుతో "నొప్పి" అని ఊరకుండక "ఎదె నోవు" అని చెప్పవలెను. బరువుగా ఉన్నచో "ఎదె భార" అనవలెను. ఎప్పుడు వచ్చును, ఎంతసేపు ఉండును, ఏమి చేసిన తగ్గును అను మూడు సంగతులు చెప్పిన రోగికి సగము పరీక్ష అయినట్లే.

రెండు తీరుల నొప్పి, రెండు తీరుల వైద్యము

పాఠములో అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే గాన కొంచెము నిలిచి చెప్పుచున్నాము. నెలల తరబడి ఒకే తీరుగా, ఇంత శ్రమ చేసినప్పుడే వచ్చి, విశ్రాంతితో తగ్గు నొప్పిని నిలకడ శూల అనవచ్చును. దీనికి వైద్యము తప్పక కావలెను గాని, ఆలోచించుటకు, ఇద్దరు డాక్టర్లను అడుగుటకు, కార్డు కాగితములు సిద్ధపరచుకొనుటకు వ్యవధి ఉన్నది. ఇట్లు కాక, కూర్చున్నప్పుడు కూడ వచ్చినను, నిద్రలో లేపినను, కొత్తగా వచ్చి రోజురోజుకు హెచ్చుచున్నను, ఇరువది నిముషములైనను తగ్గకున్నను, చల్లని చెమట పట్టినను అది వేరు సంగతి. అక్కడ క్రొవ్వు పొర పగిలి రక్తము గడ్డకట్టి దారి మూసికొనుచున్నదని అర్థము. అప్పుడు బేరము లేదు, సలహా లేదు, తెల్లవారనిమ్మను మాట లేదు. 108కు ఫోను చేయవలెను.

బండి వచ్చులోగా రోగిని నడిపింపరాదు. కూర్చుండబెట్టవలెను. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో రక్తస్రావమయ్యే పుండు ఉన్నవారు తప్ప, తక్కినవారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మ్రింగవచ్చునని వైద్యులు చెప్పుదురు. 108 వారినో డాక్టరునో ఫోనులో అడిగి ఇచ్చిన మరియు మంచిది. సైకిలు మోటారుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోవు అలవాటును మేము ఒప్పుకొనము. దారిలో గుండె ఆగిన బండిపై ఎవరును ఏమియు చేయలేరు.

గుండెపోటులో గడ్డను కరిగించు సూది మందు ఉన్నది. టెనెక్టెప్లేస్ దాని పేరు. నొప్పి మొదలైన మొదటి గంటలో పడిన దాని గుణము మిక్కిలి ఎక్కువ. పండ్రెండు గంటలు దాటిన తరువాత దాదాపు ఉపయోగముండదు. వేల రూపాయల వెల గల ఈ సూదిని తాలూకా ఆస్పత్రులలో ఉచితముగా వేయుటకు కర్ణాటక ప్రభుత్వము డాక్టర్ పునీత్ రాజ్‌కుమార్ హృదయ జ్యోతి అను పథకమును 2023లో ప్రకటించి నడపనారంభించెను. 2021 అక్టోబరు 29న నలువదియారేండ్లకే గుండె ఆగి మరణించిన ఆ నటుని పేరు మన పిల్లలందరికి తెలిసినదే. తాలూకా ఆస్పత్రిలో గుండె విద్యుత్ పటము, అనగా ఈసీజీ, తీసి దూరముననున్న గుండె వైద్యులకు పంపుదురు. వారు చూచి చెప్పిన వెంటనే ఇక్కడ సూది వేయుదురు. కావున బాళగనూరువారు నడిరాత్రి గుండెపోటు వచ్చినప్పుడు "నేరుగా పెద్ద ఊరికే పోదుము" అని రాయచూరు దారి పట్టుటకంటె, ఈ సదుపాయము ఉన్న దగ్గరి ఆస్పత్రికి ముందు పోవుటయే మేలు. అది ఏ ఆస్పత్రి అన్నది నొప్పి వచ్చిన రాత్రి కాక, ఈ వారమే విచారించి గోడమీద వ్రాసిపెట్టుకొనవలెను.

ఇక నిలకడ శూల సంగతి.

మందులు

ముందు పరీక్షలు. ఊరకున్నప్పుడు తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రమున గుండె బాగున్నదని అనుకొనరాదు. శ్రమలో వచ్చు నొప్పి శ్రమలోనే పట్టుబడును. అందుకే కదులు పట్టీపై నడిపించి చూతురు. గుండె కొట్టుకొను బలము తెలియుటకు ఎకో తీయుదురు. నాళములలో మందు ఎక్కించి చిత్రము తీయుట యాంజియోగ్రాము. అందరికి మొదటి దినమే యాంజియోగ్రాము అక్కరలేదు.

మందులలో రెండు జాతులున్నవని మా పాఠకులు గట్టిగా గుర్తుపెట్టుకొనవలెను. ఒక జాతి నొప్పిని అణచును. రెండవ జాతి నొప్పిని అణచదు, గాని రేపు రాబోవు గుండెపోటును ఆపును. మనవారు చేయునదేమనగా, నొప్పి పోయినది గదా అని రెండవ జాతి మందులను మానివేయుదురు. పడుగుకు గంజి పెట్టినప్పుడు ఆ దినమున ఏ లాభము కనబడదు. నేయునప్పుడు పోగు తెగకుండుటే దాని లాభము. ఈ మందులును అట్టివే.

మొదటి జాతిలో అన్నిటికంటె పాతది నైట్రేటు. 1867లో లాడర్ బ్రంటన్ అను వైద్యుడు ఒక నైట్రైటు ఆవిరిని పీల్పించి శూల తగ్గించెను. 1879లో విలియం మరెల్ నైట్రోగ్లిజరిన్‌ను చుక్కలుగా ఇచ్చి చూచెను. ఇది డైనమైటులో ఉండు సరకే! డైనమైటు కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు ముసలితనములో గుండె జబ్బు వచ్చి డాక్టర్లు దీనినే వ్రాసి ఇచ్చిరి. విధి పరిహాసమని అతడే అనుకొనెను. 1896లో అతడు మరణించెను. ఆ మందు కర్మాగారములలో కూలీలకు వారము మొదటి దినమున తలనొప్పి వచ్చి, తరువాత అలవాటైపోయెడిది. సెలవు దినములలో కొందరికి ఎద నొప్పి వచ్చెడిది. దీనివలన వైద్యులు ఒక నీతి నేర్చిరి: ఈ మందు ఇరువదినాలుగు గంటలు ఒంటిలో ఉన్న ఒళ్లు దానికి అలవాటుపడి గుణము పోవును. అందుకే దీర్ఘకాలపు నైట్రేటు మాత్రలను దినములో కొన్ని గంటలు ఖాళీ ఉండునట్లు వ్రాయుదురు. "ఉదయము, మధ్యాహ్నము" అని వ్రాసినదానిని మనము "ఉదయము, రాత్రి" అని మార్చుకొనరాదు.

నాలుక క్రింద పెట్టుకొను మాత్రను గురించి వివరముగా చెప్పవలెను. ఇది డాక్టరు వ్రాసి ఇచ్చినవారికే; పొరుగువాని మాత్ర అరువు తెచ్చుకొనరాదు. మన ప్రాంతములో సార్బిట్రేటు అను పేరుతో ఎక్కువగా దొరకును. నొప్పి రాగానే పని ఆపి కూర్చుండవలెను. నిలబడి వేసికొన్నచో రక్తపు పోటు దిగి తల తిరిగి మగ్గము గుంటలోనే పడవచ్చును. మాత్ర మ్రింగరాదు, నాలుక క్రింద కరగనీయవలెను. అయిదు నిముషములలో నొప్పి తగ్గకున్న 108కు ఫోను చేయవలెను. ఫోను చేసిన తరువాత డాక్టరు ముందుగా చెప్పియున్న ప్రకారము రెండవది వేసికొనవచ్చును. తలనొప్పి వచ్చుట సహజము. మగతనపు మాత్రలు, అనగా సిల్డెనాఫిల్ వంటివి, వాడినవారు ఆ సంగతి సిగ్గుపడక డాక్టరుతో చెప్పవలెను. అది ఒంటిలో ఉండగా నైట్రేటు పడినచో రక్తపు పోటు ప్రాణాపాయముగా పడిపోవును. ఇట్టి మాట మన పత్రికలో వ్రాయుట కొందరు పెద్దలకు నచ్చకపోవచ్చును గాని, వ్రాయకుండుట తప్పని మా అభిప్రాయము.

మాత్రకు నొప్పి తగ్గినది గనుక అది గుండె నొప్పియే అనియు, తగ్గలేదు గనుక కాదనియు తీర్పు చెప్పరాదు. అన్నవాహికలో పుట్టు నొప్పి కూడ ఈ మాత్రకు తగ్గుట కలదు.

తరువాతవి గుండె వేగమును తగ్గించు మందులు. జేమ్స్ బ్లాక్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు గుండెకు ఎక్కువ రక్తము పంపుటకు మారుగా, గుండె అడుగు రక్తమునే తగ్గించిన నేమి అని ఆలోచించి 1960ల నడుమ ప్రొప్రనొలాల్‌ను తెచ్చెను. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చెను (డైనమైటు నోబెల్ సొమ్ముతో ఇచ్చునదే ఆ బహుమతి!). మెటొప్రొలాల్, అటెనొలాల్ ఈ కుటుంబములోనివి. ఉబ్బసము ఉన్నవారు, నూలు దుమ్ముకు రొప్పు వచ్చువారు ముందుగా ఆ సంగతి చెప్పవలెను. ఈ మందులు ఊపిరిగొట్టములను బిగింపవచ్చును. ఇంకొకటి: వీటిని ఒక్కసారిగా మానరాదు. మందులు అయిపోయినవి, సంతనాటికి తెచ్చుకొందుమని నాలుగు దినములు మానినచో గుండె ఎగిరిపడి నొప్పి హెచ్చుట, గుండెపోటు వచ్చుట కలదు. ఇవి పడనివారికి, లేక ఇవి చాలనివారికి ఆమ్లోడిపిన్, డిల్టియాజెమ్ వంటివి ఉన్నవి. ఆమ్లోడిపిన్‌తో పాదములు వాచవచ్చును. దినమంతయు కాళ్లు వ్రేలాడవేసి కూర్చుండు గుంట మగ్గపువారికి ఈ వాపు ఎక్కువగా కనబడును. భయపడి మానక డాక్టరుకు చూపవలెను. రానొలజిన్, ఇవాబ్రడిన్, నికొరాండిల్ మొదలగునవి పై వరుసలోని మందులు. వాటి జోలికి ఇక్కడ పోము.

రెండవ జాతిలో ఆస్పిరిన్ చిన్న మోతాదు, క్రొవ్వును తగ్గించు స్టాటిన్ ముఖ్యమైనవి. జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో 1970లలో బూజు నుండి మొదటి స్టాటిన్‌ను తీసెను. క్రొవ్వు లెక్క బాగున్నను గుండె శూల ఉన్నవారికి ఇది ఇత్తురు, "నా కొలెస్టరాలు సరిగానే ఉన్నది, ఇది ఎందుకు?" అని మానరాదు. చక్కెర, రక్తపు పోటు ఉన్నవారికి వాటి మందులు వేరు. ఇవన్నియు జనౌషధి దుకాణములలో తక్కువ వెలకు దొరకును. పేరు వేరైనను లోపలి మందు ఒకటేనా అని చీటీ చూపి అడిగి తీసికొనవలెను.

మందులతోపాటు బీడీ, గుట్కా, జర్దా మానుట. దీనిని ఉపదేశముగా చెప్పుటలేదు. మానిన తరువాత ఒక సంవత్సరములోనే గుండెపోటు భయము బాగా తగ్గును గనుక, వెల లేని మందు ఇదొక్కటే గనుక చెప్పుచున్నాము. ఎనిమిది గంటలు మగ్గము త్రొక్కినను అది నడకకు బదులు కాదు. డాక్టరు సరే అన్న తరువాత దినమునకు అరగంట నడువవలెను. ఆహారములో మన జొన్నరొట్టె మంచిదే. దాని ప్రక్కన ఉండు ఉప్పుమిరపకాయ, ఊరగాయ, అప్పడము, మిర్చిబజ్జి సంగతియే చూచుకొనవలెను.

స్టెంటు, బైపాసు

1977 సెప్టెంబరు 16న స్విట్జర్లండులోని జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూన్‌ట్జిగ్ అను వైద్యుడు ఒక రోగి గుండె నాళములోనికి సన్నని గొట్టము పంపి, దాని కొననున్న చిన్న బుడగను ఉబ్బించి ఇరుకును వెడల్పు చేసెను. నాళము మరల మూసికొనకుండ లోపల తీగ జాలీ నిలుపుట 1986లో మొదలయ్యెను, అదే స్టెంటు. 1990లలో హైదరాబాదులో గుండె వైద్యులు డాక్టరు బి. సోమరాజు, రక్షణ శాస్త్రజ్ఞులు ఎ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి తక్కువ వెల స్టెంటును తయారుచేయించిరి. కలాం–రాజు స్టెంటని దానికి పేరు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము స్టెంట్ల వెలకు హద్దు పెట్టెను. అంతకుముందు లక్షకు పైగా వసూలు చేసిన మందు పూత స్టెంటు దాదాపు ముప్పదివేలకు దిగెను.

స్టెంటు ఎవరికి? గుండెపోటు వచ్చుచున్న సమయములో ఇది ప్రాణము నిలుపును. దానిలో సందేహము లేదు. నిలకడ శూలలో మాత్రము సంగతి వేరు. 2007లో అమెరికా, కెనడాలలో 2,287 మందిపై జరిగిన పరీక్ష ఫలితము వెలువడెను. మంచి మందులు తీసికొనుచున్న నిలకడ రోగులకు స్టెంటు కూడ వేసినందువలన చావులుగాని గుండెపోట్లుగాని తగ్గలేదు. 2020లో మన దేశముతో సహా 37 దేశములలోని 5,179 మందిపై జరిగిన పెద్ద పరీక్ష కూడ, మందులతో మొదలుపెట్టుటకును, వెంటనే స్టెంటో బైపాసో చేయుటకును మొత్తము మరణములలో భేదము లేదని చూపెను. అయితే నొప్పి ఎక్కువగా ఉన్నవారికి స్టెంటు తరువాత నొప్పి బాగా తగ్గెను. 2017లో ఇంగ్లండులో 200 మందిని తీసికొని, సగము మందికి స్టెంటు వేసి, సగము మందికి వేసినట్లు నటించి చూచిరి. మందులు బాగుగా వాడుచున్నవారిలో రెండు జట్ల నడుమ నడక శక్తిలో భేదము అతి స్వల్పము. 2023లో అదే జట్టువారు శూల మందులు ఆపి 301 మందిపై మరల చూచినప్పుడు స్టెంటు నొప్పిని నిజముగానే తగ్గించెను.

దీని అర్థమేమి? నిలకడ శూలలో స్టెంటు నొప్పికి మందు, ఆయుస్సుకు మందు కాదు. మాత్రలు రెండు మూడు రకములు సరియైన మోతాదులో వాడినను మగ్గము మీద కూర్చుండలేనంత నొప్పి ఉన్నవానికి అది మంచి వైద్యము. మాత్రలతో నొప్పి అణగినవాడు "అడ్డము ఉన్నది గదా" అని భయపడి మగ్గము అమ్మి వేయించుకొనవలసిన పని లేదు. డాక్టరును మర్యాదగా ఇట్లు అడుగవలెను: "అయ్యా, ఇది వేయకున్న ప్రాణాపాయమా, లేక నొప్పి తగ్గుటకా? మందులతో మూడు నెలలు చూడవచ్చునా? ఎడమ ప్రధాన నాళములో అడ్డము ఉన్నదా?" ఈ మూడవ ప్రశ్న ఎందుకనగా, పైన చెప్పిన పరీక్షల లెక్క ఆ ఎడమ మూల నాళము మూసికొన్నవారికి వర్తింపదు. అక్కడ అడ్డమున్న ఆలస్యము చేయరాదు. గుండె బలము బాగా తగ్గినవారి సంగతియు అంతే.

స్టెంటు వేసిన తరువాత రక్తము గడ్డకట్టకుండ రెండు మాత్రలు ఇత్తురు. ఆస్పిరిన్ ఒకటి, క్లొపిడోగ్రెల్ వంటిది మరొకటి. నిలకడ రోగికి సాధారణముగా ఆరు నెలలు, గుండెపోటు వచ్చినవారికి ఒక సంవత్సరము ఈ రెండును వాడవలెను. మానినచో స్టెంటు లోపలనే గడ్డకట్టి, ఉన్నదానికంటె పెద్ద ముప్పు వచ్చును. పన్ను తీయువాడు ఆపమన్నను గుండె డాక్టరును అడుగక ఆపరాదు. ఈ మందులు కొనుట కష్టమని ముందే తెలిసినచో, స్టెంటు వేయుటకు ముందే ఆ మాట చెప్పవలెను.

నేతగానికి ప్రత్యేకముగా ఒక మాట. ఇప్పుడు గొట్టమును తొడ నుండి కాక ఎక్కువగా ముంజేతి నాళము నుండి పంపుచున్నారు, సాధారణముగా కుడిచేయి. నాడె త్రాడు లాగునది కుడిచేతితో అయినచో "నేను మగ్గము నేయువాడను, వీలైన ఎడమ చేతి నుండి చేయుదురా?" అని అడుగుటలో తప్పులేదు. అన్నివేళల కుదరదు, కుదిరినప్పుడు చేయుదురు. తరువాత కొన్ని దినములు ఆ చేతితో లాగుట, బరువెత్తుట కూడదు.

బైపాసు పెద్ద శస్త్రచికిత్స. 1967లో అమెరికాలోని క్లీవ్‌లండులో రెనే ఫావలోరో అను అర్జెంటీనా వైద్యుడు కాలి సిరను తీసి అడ్డమునకు దాటుడు దారి కుట్టి దీనికి బాట వేసెను. మన దేశములో 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో డాక్టరు కె.ఎం. చెరియన్ మొదటిది చేసిరి. ఎడమ మూల నాళము మూసినవారికి, మూడు నాళములలోను అడ్డములుండి చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది స్టెంటుకంటె మేలని పరీక్షలలో తేలినది. 2012లో వెలువడిన చక్కెర రోగుల పరీక్షలో బైపాసు జట్టులో మరణములు తక్కువ, పక్షవాతము కొంచెము ఎక్కువ. అట్టివారికి "కోత లేకుండ నాలుగు స్టెంట్లతో సరిపెట్టుదుము" అని ఎవరైన అన్నచో, శస్త్రవైద్యుని కూడ అడిగి నిర్ణయించుకొనవలెను.

ఇక రావి ఆకు కషాయము, వెల్లుల్లి–నిమ్మరసపు ప్రకృతి బైపాసు, నరముల ద్వారా క్రొవ్వు కరిగించు సెలైను అని చెప్పు ప్రకటనలు వచ్చుచున్నవి. ఇవి అడ్డములను కరిగించినట్లు రుజువు లేదు. వెల్లుల్లి తిన్న నష్టము లేదు. దానిని నమ్మి స్టాటిన్ మానినచో నష్టము.

ఎక్కడికి పోవలెను, సొమ్ము ఎట్లు

గుల్బర్గా విభాగపు పేద కుటుంబములకు పెద్ద శస్త్రచికిత్సలు ఉచితముగా చేయించుటకు వాజపేయి ఆరోగ్యశ్రీ అను పథకము 2010లో మొదట మన ఉత్తర జిల్లాలలోనే మొదలైనది. 2018 నుండి అట్టి పథకములన్నియు ఆయుష్మాన్ భారత్–ఆరోగ్య కర్ణాటకలో కలిసినవి. దారిద్ర్యరేఖకు దిగువ కార్డు గల కుటుంబమునకు సంవత్సరమునకు అయిదు లక్షల వరకు అందును. అత్యవసరము కాని వైద్యమునకు ముందుగా ప్రభుత్వ ఆస్పత్రి సిఫారసు చీటీ కావలెను. ఈ చీటీ లేక నేరుగా ప్రైవేటు ఆస్పత్రికి పోయి, సొమ్ము కట్టిన తరువాత కార్డు చూపిన ప్రయోజనముండదు. గద్వాల, నారాయణపేటలలో మనకు వియ్యములు, బంధుత్వములు ఎక్కువ గనుక అక్కడి బావగారు "మా ఆరోగ్యశ్రీలో చేయించెదము, రండి" అనవచ్చును. కర్ణాటక రేషను కార్డుపై ఆ రాష్ట్రపు ఆరోగ్యశ్రీ నడువదు. బయలుదేరక ముందే విచారించుకొనవలెను.

రాయచూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి ఉన్నది. గుండె జబ్బులకే ప్రత్యేకమైన జయదేవ సంస్థ బెంగళూరులో ఉండగా, దాని శాఖ కలబురగిలో ఉన్నది. మనకు దూరము తగ్గినది. హైదరాబాదులో నిమ్స్ ఉన్నది. పుట్టపర్తిలో 1991 నుండి, బెంగళూరు వైట్‌ఫీల్డులో 2001 నుండి సత్యసాయి ఆస్పత్రులలో గుండె శస్త్రచికిత్సలు ఉచితముగా చేయుచున్నారు. వరుస కొరకు వేచియుండవలెను గనుక అవి నిలకడ రోగులకే అనుకూలము.

పోవునప్పుడు రేషను కార్డు, ఆధారు, పాత ఈసీజీలన్నియు, వాడుచున్న మందుల ఖాళీ అట్టలు ఒక గుడ్డ సంచిలో పెట్టుకొనవలెను. వచ్చునప్పుడు యాంజియోగ్రాము డిస్కును, డిశ్చార్జి కాగితమును తప్పక అడిగి తెచ్చుకొనవలెను. రెండవ డాక్టరు అభిప్రాయమునకు అవే ఆధారము.

బైపాసు అయినవాడు మరల మగ్గము ఎక్కుట ఎప్పుడు అన్న ప్రశ్న ఇంటివారిని అన్నిటికంటె ఎక్కువ బాధించును. కోసిన రొమ్ము ఎముక అతుకుటకు రెండు మూడు నెలలు పట్టును. అంతవరకు పలక లాగుట, నాడె త్రాడు గుంజుట, దోనె ఎత్తుట కూడదు. లాగుడు రెండు చేతులకు సమముగా ఉండదు గనుక కుట్టు ఒక ప్రక్కకు జరుగు భయము కలదు. సిర తీసిన కాలు కొన్ని వారములు వాచియుండును. ఆ కాలిని గుంటలో వ్రేలాడవేయక పీటపై చాపియుంచవలెను. మొదటి నెలలో ఇంటిలో నడక, రెండవ నెలలో కూర్చుండి కండెలు చుట్టుట వంటి తేలిక పని, డాక్టరు ఎముక చూచి సరే అన్న తరువాత మూడవ నెల చివర పూటకు ఒక గంట చొప్పున మగ్గము. ఈ మూడు నెలల కూలి లెక్క ఆపరేషనుకు ముందే ఇంటిలో వేసికొని, షావుకారుతోగాని సంఘముతోగాని మాట్లాడి, నడుచుచున్న పడుగును ఎవరు దింపవలెనో నిర్ణయించుకొని పోవలెను.